పక్కకి జరగండి

తెనాలిలో కాలవ గట్టు పక్కన నన్నే సాహెబ్ ఫోటో స్టూడియో అంటే తెలియనివాళ్ళు తక్కువ. నన్నే సాహెబ్ పోయి పదేళ్ళయింది, కొడుకు నాగూర్ బాషా నడుపుతున్నాడు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఊళ్ళో వేరే స్టూడియోలున్నాయి. వాటిల్లో ఏసీలున్నాయి, జలపాతం బొమ్మ ఉన్న తెరలున్నాయి. ఇక్కడికి జనం వచ్చేది వేరే పనికి. పొద్దున్నే ఇదేం మాట అనుకోకండి, ఉన్నది చెబుతున్నాను. చచ్చిపోయినవాళ్ళ కళ్ళు తెరిపించుకోడానికి వస్తారు.

మన వైపు జన్మలో ఒక్క ఫోటో దిగకుండా పోయిన ముసలివాళ్ళు ఎంతమందో! బతికున్నన్నాళ్ళూ ఎవరికీ గుర్తురాదు. ప్రాణం పోయాక మాత్రం, అయ్యో గోడకి పెట్టుకుందామంటే ఒక్క ఫోటో అన్నా లేదే అని గుండెలు బాదుకుంటారు. అప్పుడు స్టూడియోవాడి కోసం మనిషిని తోలతారు. శవాన్ని కుర్చీలో కూచోబెట్టి, వెనకాల దుప్పటి కట్టి, తల వాలిపోకుండా ఒకడు వెనకనించి పట్టుకుంటే, ఫోటో తీస్తారు. మూసిన కళ్ళతో పటం కట్టించి దండెయ్యలేరు కదా. పెద్దకర్మ నాటికి ఆ కళ్ళు తెరవాలి. నన్నే సాహెబ్ సున్నా నంబరు కుంచె పట్టుకుని రెండు రోజులు వంగి కూచుంటే, ఆ ముసలమ్మ మూడోనాటికి కళ్ళు విప్పి చూసేది. ఆ పని చేతనైనవాడు గుంటూరు జిల్లా మొత్తానికి ముగ్గురో నలుగురో.

ఆయన పెట్టిన నియమం ఒకటుంది. చచ్చినవాళ్ళ ఫోటో స్టూడియోలో ఉంచకూడదు. పటం ఇచ్చేటప్పుడే నెగటివ్ కూడా ఆ ఇంటివాళ్ళ చేతిలో పెట్టేయాలి. బతుకుతెరువు చూపించిన తండ్రి మాట కాబట్టి నాగూర్ బాషా దాన్ని కంప్యూటర్ వచ్చాక కూడా పాటించాడు. ప్రింటు ఇవ్వడం, ఫైలు తీసేయడం.

కంప్యూటర్ ఊరికే రాలేదు, కుంచె మీద దెబ్బ కొట్టి మరీ వచ్చింది. రెండువేల ఆరు నాటికి ఫోటోలు కడిగే బ్రొమైడ్ పేపరు దొరకడమే కష్టమైపోయింది. కుంచెతో వేసిన కళ్ళు డిజిటల్ ప్రింటు మీద బొట్టుబిళ్ళ అంటించినట్టు కనపడేవి. ఏం చెయ్యాలో తోచక నెట్ సెంటర్ పూర్ణచంద్రరావు దగ్గర కూచుని టీ తాగుతుంటే, ఆయనే చెప్పాడు. ఆయనదీ అదే బాధ. ముప్పయ్యేళ్ళు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపి, మిషన్లన్నీ పాత ఇనుము కింద తోలేసి నెట్ సెంటర్ పెట్టిన మనిషి.

"ఇంటర్నెట్‌లో ఫోటోగ్రఫీ నేర్పుతున్నారు బాషా. పన్నెండు వారాల క్లాసు. ఫోటో తియ్యడం, కంప్యూటర్లో దిద్దడం, రెండూ చెబుతారంట."

"మనిషి ఎదురుగా లేకుండా నేర్పడం ఏంటండీ! నీళ్ళు లేకుండా ఈత నేర్పినట్టు."

"నేర్చుకుంటే నీకే తెలుస్తుంది. నీకు ఇంగ్లీషు రాకపోతే నేను చదివి పెడతాలే."

అలా నలభయ్యేళ్ళ వయసులో నాగూర్ బాషా మళ్ళీ బళ్ళో చేరాడు. పాఠం చెప్పే సారు పేరు సీతారామాంజనేయులు, ఉండేది హైదరాబాదు. మొహం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. ఆదివారం పాఠం పెట్టేవాడు, శుక్రవారం లోపు ఫోటో తీసి క్లాసు పేజీలో పెట్టాలి, శనివారం పదికి ఇన్ని మార్కులని ఇచ్చి కింద నాలుగు ముక్కలు రాసేవాడు. తెలుగు మాటలే, కానీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాడు. పూర్ణచంద్రరావు వాటిని కూడబలుక్కుని, సెంటర్లో అందరికీ వినపడేలా కోర్టు బంట్రోతులా చదివేవాడు. మూడో పాఠానికి సారు ఏం రాశాడంటే, 'మీ ఫోటోల్లో బతికున్నవాళ్ళు కూడా శవాల్లా బిగుసుకుని ఉన్నారు, ఎందుకని?' సెంటర్లో కుర్రాళ్ళంతా నవ్వారు. నాగూర్ బాషా కూడా నవ్వాడు. ఆ రోజుల్లో అతనికి నవ్వు వచ్చేది.

నాలుగో పాఠం కళ్ళు. మనిషిని కిటికీకి ఎదురుగా కూచోబెట్టండి, కంట్లో కిటికీ వెలుగు పడాలి, ఆ వెలుగు లేని కన్ను చచ్చిన కన్నే అన్నాడు సారు. నాగూర్ బాషాకి ఒళ్ళు ఝల్లుమంది. నాన్న ప్రతి పటంలోనూ చివర్న, ఊపిరి బిగబట్టి, కంటికొక తెల్లచుక్క పెట్టి కుంచె కింద పెట్టేసేవాడు. ఎందుకో ఒక్కసారీ చెప్పలేదు, ఇతను అడగలేదు.

సరే, ఎవరి కళ్ళు తియ్యాలి? ఇంట్లో పెళ్ళాం తహసీన్ ఉంది. కానీ ఇంట్లోనే అత్త హుస్సేన్ బీ కూడా ఉంది. ఈవిడ తహసీన్‌కి తల్లి, నాగూర్ బాషాకి సొంత మేనత్త. బొమ్మలున్న ఇంట్లోకి దేవదూతలు రారని ఆవిడ పట్టు. "దుకాణంలో నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో, గుమ్మం లోపలికి కెమెరా వచ్చిందా, నేను బయటికి పోతా" అని పెళ్ళినాడే చెప్పేసింది. పెళ్ళిలో తీసిన ఒకే ఒక్క ఫోటోలో తహసీన్ మొహం సెహ్రా పూల వెనకాలే ఉండిపోయింది. ఓటరు కార్డుకి ముసుగు తీసి మొహం చూపించాలంటే వద్దు పొమ్మంది. రేషన్ కార్డులో ఉంది, గోరంత బొమ్మలో ముసుగేసుకుని. తల్లి పట్టుదల కూతురికీ వచ్చింది. ఊరందరి మొహాలూ తీసేవాడి ఇంట్లో పెళ్ళాం మొహం లేదు. దీపం కిందే చీకటి అంటారు చూడండి, అచ్చంగా అదే.

ఆ గురువారం హుస్సేన్ బీ చుట్టాలింటికి అంగలకుదురు వెళ్ళింది. నాగూర్ బాషా దొంగలా కెమెరా సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"కళ్ళు మాత్రమే. మొహం అక్కర్లేదు" అని బతిమాలాడు.

తహసీన్ కాసేపు తెగ బెట్టు చేసింది. చివరికి పైటకొంగు ముక్కు మీదకి లాక్కుని వంటింటి కిటికీకి ఎదురుగా పీట మీద కూచుంది. ఆ కిటికీకి నాలుగు గాజు పలకలు. పైన ఎడమ పక్కది పగిలిపోతే అట్టముక్క పెట్టారు, అది ఏళ్ళ తరబడి అలాగే ఉంది. నాగూర్ బాషా కిటికీకి వీపు పెట్టి, ఆమె ముందు వంగి, ఒక్కటంటే ఒక్క ఫోటో తీశాడు.

శనివారం పూర్ణచంద్రరావు గొంతు సవరించుకున్నాడు. "ఫోకస్ బాగుంది. వెలుగు బాగుంది. కానీ మీరే కంట్లో కనపడుతున్నారు. పక్కకి జరగండి. మళ్ళీ తీయండి. పదికి అయిదు."

పెద్దది చేసి చూస్తే నిజమే. ఆ నల్లగుడ్డులో తెల్లటి కిటికీ, మూలన అట్టముక్క చీకటి, మధ్యలో కెమెరా పట్టుకుని నిలబడ్డ చిన్న నల్లటి మనిషి. మార్కులు పోయినందుకు నాగూర్ బాషాకి చిర్రెత్తుకొచ్చింది. ఇంటికెళ్ళి, "ఇంకొక్కసారి కూచో, ఈసారి నేను పక్కకి జరిగి తీస్తా" అన్నాడు.

"మీరు పక్కకి జరిగితే నేనెవర్ని చూడను? గోడనా?" అంది తహసీన్ చింతచిగురు దూస్తూ. కూచోలేదు.

"నా మార్కులు పోతుంటే నీకు వేళాకోళంగా ఉంది" అని విసుక్కుని వచ్చేశాడు. అంతే. అదేమంత పెద్ద సంగతని?

క్లాసు అయిపోయిన నెలకి ఒక ముసలమ్మ శవం పని వచ్చింది. కంప్యూటర్లో కళ్ళు పెట్టాలంటే ఎవరి కళ్ళో ఒకరివి తీసి అతకాలి. కూతురివి తీస్తానంటే ఆవిడ ఎగిరిపడింది. బతికున్నోళ్ళ కళ్ళు చచ్చినోళ్ళకి పెడితే ఆయుష్షు తగ్గుద్దంట. నాగూర్ బాషా వాదించలేక, క్లాసుకి తీసిన ఆ కళ్ళు తెచ్చి అతికాడు. రెప్పలు కాస్త వాల్చి, ముడతలు దిద్దితే అతుకు కనపడనే లేదు. పటం చూసి ఇల్లంతా ఘొల్లుమంది, అమ్మ బతికొచ్చిందని. ఇంకేముంది, తరవాతి దానికీ అవే కళ్ళు. మగవాళ్ళకీ అవే, కనుబొమలు కాస్త దట్టం చేసి. రెండేళ్ళలో తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు ఇరవై ఏడు మంది చచ్చినవాళ్ళు తహసీన్ కళ్ళతో గోడలకెక్కారు.

ఆమెకి చెప్పకుండా చెయ్యలేదులెండి. చెబితే పడీపడీ నవ్వింది. "పోనీలే, ఎవరింట్లోనో ఒకరింట్లో గోడకెక్కుతున్నాను. మా అమ్మ మనింట్లో ఎక్కనివ్వదు కదా" అంది.

రెండువేల ఎనిమిది అక్టోబర్లో తహసీన్‌కి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజు లేదు.

నాగూర్ బాషా ఏడవలేదు. గుండె గట్టివాడని కొందరన్నారు, రాయని కొందరన్నారు. అతనికి మాత్రం ఏమీ అనిపించలేదు. ఏమీ అంటే ఏమీ. పంటికి మత్తు సూది వేశాక దవడ ఉందో లేదో తెలియదు చూడండి, మనిషి మొత్తం అలా అయిపోయాడు. నాలుగో రోజున స్టూడియో తీశాడు. పాస్‌పోర్టు ఫోటోలు తీశాడు, గడ్డం కాస్త పైకెత్తండి అన్నాడు, కోసి కవర్లో పెట్టిచ్చాడు. హుస్సేన్ బీ అన్నం పెడితే తిన్నాడు. ఉప్పు వెయ్యడం ఆవిడ మర్చిపోయిన రోజు కూడా తిన్నాడు. ఇద్దరికీ తెలియలేదు.

నలభయ్యో రోజు ఫాతెహా అయిన వారానికి స్టూడియో కంప్యూటర్ చచ్చింది. వైరస్ అన్నాడు మెకానిక్. ఫార్మాట్ కొట్టి, "డి డ్రైవులోవన్నీ ఉన్నాయండి, డెస్క్‌టాప్ మీదవి మాత్రం పోయాయి" అన్నాడు. రోజూ వాడే ఫైలని ఆ కళ్ళు డెస్క్‌టాప్ మీదే పెట్టుకున్నాడు నాగూర్ బాషా. పోతే పోయాయిలే అన్నాడు. మెకానిక్‌కి టీ కూడా తెప్పించాడు.

జనవరి నెలలో ఒక మధ్యాహ్నం హుస్సేన్ బీ స్టూడియోకి వచ్చింది. పదహారేళ్ళలో ఆవిడ ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. గోడలకున్న మొహాలన్నీ ఒక్కొక్కటే చూసి, స్టూలు మీద కూచుని అడిగింది.

"నాగూరూ, దాని ఫోటో ఒక్కటైనా ఉందా నీ దగ్గర?"

"లేదత్తా."

"నాకు తెలియకుండా ఎప్పుడన్నా తీసుంటావేమో అని."

"మొహం గుర్తు రావట్లేదురా నాకు" అంది హుస్సేన్ బీ. "నిన్న రాత్రి ఎంత ఆలోచించినా ముక్కు వచ్చింది, నోరు వచ్చింది, కళ్ళు రాలేదు. కన్నదాన్ని, నాకే రాకపోతే ఎట్లా? వద్దు వద్దన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. ఊరందర్నీ తీశావు కదరా, నా మాట కాదని దాన్ని ఒక్కసారి తియ్యలేకపోయావా?"

ఆవిడ వెళ్ళిపోయాక నాగూర్ బాషా షట్టర్ సగం దించి కూచున్నాడు. తనకి గుర్తొస్తోందేమో అని చూసుకున్నాడు. రాలేదు. పదహారేళ్ళు ఒకే ఇంట్లో తిరిగిన మనిషి. పూల వెనకాల మొహం గుర్తొచ్చింది, చింతచిగురు దూసే చేతులు గుర్తొచ్చాయి. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి తెల్లకాగితం. అందుకు భయం వెయ్యాలి కదా, అదీ వెయ్యలేదు. కానీ లేచి చెప్పులేసుకున్నాడు. ఆ కళ్ళు ఎలాగైనా వెతికి అత్త చేతిలో పెట్టాలి, అదొక్కటే తెలిసింది.

ముందు పూర్ణచంద్రరావు దగ్గరికి వెళ్ళాడు. క్లాసు పేజీ తెరవబోతే, అలాంటిది లేదని వచ్చింది. "ఎత్తేశారయ్యా ఆ క్లాసు" అన్నాడు పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీసేస్తూ. సారుకి ఉత్తరం కొడితే అది వెనక్కి తిరిగొచ్చింది. కెమెరా కార్డు ఎప్పుడో వంద సార్లు చెరిపేశాడు. తండ్రి నియమం పుణ్యమా అని స్టూడియోలో ఒక్క పటం కాపీ లేదు. ఇంక మిగిలినవి ఆ ఇరవై ఏడు గోడలే.

తెనాలిలో తొమ్మిది ఇళ్ళు తిరిగాడు. ప్రింటు ఎలా ఉందో చూసిపోదామని వచ్చానండి అనేవాడు. పాపం, కుర్చీ వేసి కాఫీ ఇచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో స్టూడియోలో కొన్న ఇంకు ప్రింటర్ అది, నాసిరకం ఇంకు. రెండు వేసవులకి పటాలన్నీ వెలిసిపోయాయి. చీర రంగు పోయింది, బొట్టు పోయింది, కళ్ళు ఉన్న చోట లేత పసుపు మరకలు. ఆ ఇంటివాళ్ళు మాత్రం వాటికే రోజూ దండం పెట్టుకుంటున్నారు. వాళ్ళకి కనపడుతున్నట్టే ఉంది.

ఆదివారం రేపల్లె ప్యాసింజరు ఎక్కాడు. అక్కడ పన్నెండు ఇళ్ళు, పదకొండూ వెలిసిపోయినవే. చివరిది బసవేశ్వరరావు అని ఎరువుల కొట్టాయన ఇల్లు, వాళ్ళమ్మ పటం చేసిచ్చాడు. ఇంట్లో నీడపట్టునే ఉంది, రంగు చెక్కుచెదరలేదు. నాగూర్ బాషా దగ్గరికి వెళ్ళి చూసి నిలబడిపోయాడు. పటంలో ముసలమ్మకి నల్లటి గుండ్రటి కళ్ళజోడుంది. ఆయిల్ పెయింటుతో వేసింది.

"ఏమనుకోకు బాషా" అన్నాడు బసవేశ్వరరావు ఇబ్బందిగా నవ్వుతూ. "పనితనానికి వంక పెట్టలేం. కానీ మా అమ్మ అంటే ఏంటనుకున్నావు, వీధి వీధంతా హడలిపోయేది. నువ్వేమో ఆ చూపు మరీ మెత్తగా పెట్టావు. బంధువులంతా నవ్వారు, ఇదెవర్రా మీ అమ్మలాగా లేదే అని. కాటరాక్టు ఆపరేషన్ అయ్యాక నల్లకళ్ళజోడే కదా పెట్టుకునేది, అందుకని బోర్డులు రాసేవాణ్ణి పిలిపించి వేయించా. ఇప్పుడు అచ్చం మా అమ్మే!"

వేలిగోటితో ఒక మూల గీకితే వస్తుందేమో అని నాగూర్ బాషా చెయ్యి ఎత్తాడు కూడా. మళ్ళీ దించేశాడు. మెత్తగా చూసేదా తహసీన్? చూసేదట. రేపల్లెలో ఎరువుల కొట్టాయన చెబితే తెలిసింది. తిరుగు రైల్లో కూచుని ఆ మాట గురించి ఆలోచిస్తూ, తెనాలిలో దిగడం మర్చిపోయి గుంటూరు దాకా పోయాడు.

బాపట్ల వైపు ఆరు ఇళ్ళు. ఊళ్ళో అయిదూ వెలిసిపోయినవే. ఆరోది సూర్యలంక దగ్గర, సముద్రం ఒడ్డున పల్లెవాళ్ళ కాలనీలో. మస్తాన్ అని వేటకెళ్ళే అతని తల్లి పటం. ఉప్పుగాలి కొట్టే చోట ఇంకు నిలుస్తుందా, ఇంక వెళ్ళి ఏం లాభం అనుకున్నాడు. అనుకుంటూనే ఆటో ఎక్కాడు. వెళ్ళనందుకు కూడా ఏమీ అనిపించదని తెలుసు, ఎక్కినందుకూ అనిపించలేదు.

మస్తాన్ వేటలో ఉన్నాడు. భార్య మహాలక్ష్మి గుమ్మంలో ఎండుచేపలు తిరగేస్తోంది. గుర్తుపట్టి, "ఫోటో అన్నయ్యా! రండి, రండి" అంటూ చేతులు కడుక్కుని లోపలికి తీసుకెళ్ళింది.

"పటం ఎలా ఉందో చూసిపోదామని అమ్మా."

"ఎలా ఉండటమేంటి, దేవతలా ఉంది. గాలికి పాడైపోద్దని నేను బయట పెట్టనివ్వలా."

లోపలి గదికి కిటికీ లేదు. బియ్యం డబ్బాల పైన, మూలన, పటం. కింద ప్రమిద వెలుగుతోంది. నాగూర్ బాషా జేబులోంచి ఫోటోలు దిద్దే భూతద్దం తీసి దగ్గరికి వెళ్ళాడు. అద్దంలోంచి చూశాడు.

కళ్ళున్నాయి.

ముసలామె నుదురు కింద, ముడతల మధ్య, ఏమీ పోలేదు. నల్లగుడ్డులో తెల్లటి కిటికీ. పైన మూలన అట్టముక్క. మధ్యలో వాడు.

"మీకో సంగతి చెప్పనా అన్నయ్యా" అంటోంది మహాలక్ష్మి వెనకనించి. "మా అత్త బతికుండగా నా వంక ఒక్కనాడు ఇలా చూళ్ళేదు. కూర్చుంటే తప్పు, నిలబడితే తప్పు. పన్నెండేళ్ళు కాల్చుకు తింది. పటంలోకి ఎక్కాక చూడండి, ఎంత ఆప్యాయంగా చూస్తదో! ఇదివరకు ఒక్క మాట చెప్పుకోడానికి భయపడేదాన్ని. ఇప్పుడు అన్నీ ఆవిడకే చెప్పుకుంటా."

నాగూర్ బాషా భూతద్దం దించలేదు.

"ఆ కంట్లో ఒక మనిషి ఉంటాడు, చూశారా? దీపం దగ్గరగా పెడితే కనపడతాడు. మీరు పెట్టారో, దేవుడు పెట్టాడో. ఈయన వేటకి పోతే ఆవిడ రేవులో నిలబడేది అన్నయ్యా, పడవ కనపడేదాకా అన్నం ముట్టేది కాదు. కళ్ళు కాయలు కాచేవి. ఆ కొడుకే అలా కంట్లో ఉండిపోయాడని నేననుకుంటా. తుఫాను రోజుల్లో ఆ బొమ్మ చూసుకునే నేను ధైర్యంగా ఉంటా."

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అమ్మా, అవి మా ఇంటిదాని కళ్ళమ్మా, వాడు మీ ఆయన కాదు, నేను. అది మా వంటింటి కిటికీ. ఆ మాటలన్నీ నాలిక మీద దాకా వచ్చాయి. మహాలక్ష్మి ప్రమిదలో వత్తి ఎగదోస్తోంది. అతను నోరు మూసుకున్నాడు.

"బాగా కుదిరిందమ్మా. గుర్తుకి ఒక ఫోటో తీసుకుంటాను" అన్నాడు.

"దానికేం, తీసుకోండి అన్నయ్యా. మీ చేతి పనే కదా."

పటం దించి గుమ్మంలో నీడకి ఆనించి, కళ్ళ మటుకే పడేటట్టు ఒకటికి ఏడు తీశాడు. బాపట్ల స్టేషన్లో రైలెక్కేదాకా కెమెరా సంచి ఒళ్ళోంచి దించలేదు. ఆ రాత్రే పోస్టుకార్డంత ప్రింటు తీశాడు. ఈసారి మంచి కాగితం మీద.

మర్నాడు పొద్దున హుస్సేన్ బీ వంటింట్లో బియ్యం ఏరుతోంది. నాగూర్ బాషా ఎదురుగా గచ్చు మీద కూచుని ఆ ఫోటో ఆవిడ చేటలో పెట్టాడు. కనుబొమల నించి బుగ్గల పైదాకా, అంతే ఉంది. ఆవిడ చూసింది. చేట ఆగిపోయింది.

"ఎక్కడిదిరా?"

చెప్పాడు. అంగలకుదురు వెళ్ళిన గురువారం దగ్గర్నించి సూర్యలంక దాకా దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతులో తేడా లేదు, బిల్లు చదివి వినిపించినట్టే ఉంది.

"నా కూతురి కళ్ళు శవాలకి పెట్టావా?"

"పెట్టాను."

"ఎంతమందికి?"

"ఇరవై ఏడు."

ఆయుష్షు తగ్గుద్దన్న మాట ఆవిడకీ తెలిసే ఉంటుంది. ఆ మాట అంటుందని, అని చెంప మీద కొడుతుందని ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. హుస్సేన్ బీ కొట్టలేదు. అతను ఫోటోతో పాటు తెచ్చిన భూతద్దం తీసుకుని, ఫోటో కిటికీ వెలుగుకి తిప్పుకుని, కన్ను చికిలించి చూసింది. చాలాసేపు చూసింది.

"మన కిటికీయేరా ఇది. అట్టముక్క కూడా ఉంది." వేలితో తడిమింది. "మధ్యలో ఈ నల్లటిదేంటి?"

"నేనే అత్తా."

"నువ్వా? నువ్వెందుకున్నావు అందులో?"

"అడ్డంగా నిలబడ్డాను. పక్కకి జరిగి మళ్ళీ తియ్యమన్నాడు సారు. అయిదు మార్కులు తగ్గించాడు కూడా. నేను జరుగుతానంటే అదే కూచోలేదు."

"ఎందుకు కూచోలేదు?"

"ఎందుకా? వేళాకోళం దానికి. మీరు పక్కకి జరిగితే నేనెవర్ని చూడను..."

అక్కడ ఆగిపోయాడు. గోడనా అన్న మాట ఇంకా చెప్పాలి. రాలేదు. ఆ రోజు విసుక్కుని వెళ్ళిపోయినప్పుడు వినపడని మాట, రెండేళ్ళ తరవాత, తన నోటితో తనే చెబుతుంటే అప్పుడు వినపడింది. దానితో పాటే మొహం వచ్చేసింది. చింతచిగురు బుట్ట, ముక్కుపుడక, పక్కకి వాలిన తల, నవ్వాపుకుంటున్న పెదవి, అన్నీ కలిపి ఒక్కసారే. ఏం జరుగుతోందో మొదట అతనికి తెలియలేదు. తెలిసేసరికి ముందుకి వంగి, అత్త ఒళ్ళో మొహం పెట్టి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. చేట తిరగబడి బియ్యం గచ్చంతా చెల్లాచెదురయ్యాయి.

"ఒరే ఒరే, ఫోటో తడుస్తుందిరా" అంది హుస్సేన్ బీ. ఒక చేత్తో ఫోటోని తడి తగలకుండా తల మీదకంటా ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి అతని తల మీద వేసింది.